వాన నీళ్లకూ సముద్రపు నీళ్లకూ మధ్య పళవేర్కాడు రొయ్య

తిరువళ్లూరు, తిరుత్తణి చేపల అంగళ్లలో "పళవేర్కాడు ఇరాల్" అన్న మాట వినిపిస్తే ఆ బుట్ట దగ్గర నలుగురూ ఆగుతారు. కృత్తిక నాళ్లు తప్పిస్తే మన ఇళ్లలో ఆ రొయ్యకున్న మర్యాదే వేరు. చెరువు రొయ్య కంటే దానికి తీపి ఎక్కువని పెద్దవాళ్లు అంటుంటారు. ఆ మాట వట్టి అభిమానం కొద్దీ అన్నది కాదు, దాని వెనక శాస్త్రం ఉంది. ఆ రొయ్య పెరిగిన నీళ్లలో ఉప్పు నెలనెలా మారుతుంటుంది. ఆ మార్పుకు తట్టుకోవడానికి దాని ఒంట్లో జరిగే పనులే చివరికి మన నాలుకకు తెలుస్తాయి. ఆ పనులేమిటో, ఇప్పుడు వాటికి వచ్చిన ఇబ్బంది ఏమిటో, దానికీ కొండపక్కన ఉన్న మనకూ ఉన్న సంబంధం ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

తమిళంలో పళవేర్కాడు, ఇంగ్లీషు కాగితాల్లో పులికాట్, పాత తెలుగు వాడుకలో ప్రళయకావేరి. ఏ పేరుతో పిలిచినా సరస్సు అదే. మన దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా తర్వాత పెద్దది ఇదే. ఉత్తర దక్షిణంగా దాదాపు 60 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. ఎక్కువ భాగం ఆంధ్రలో, సూళ్లూరుపేట వైపున ఉంది. దక్షిణపు కొస మన తిరువళ్లూరు జిల్లా పొన్నేరి తాలూకాలోకి వస్తుంది. సముద్రానికీ సరస్సుకీ మధ్య శ్రీహరికోట దీవి పొడవాటి కట్టలా అడ్డం పడుకుని ఉంటుంది. పళవేర్కాడు ఊరి దగ్గర ఆ కట్ట తెగి సముద్రంతో కలిసే చోటును తమిళంలో ముగత్తువారం అంటారు, తెలుగు పట్టపువాళ్లు మొగ అంటారు. మంచినీళ్లు దక్షిణాన ఆరణి నది నుంచి, ఉత్తరాన కాళంగి, స్వర్ణముఖి నదుల నుంచి వస్తాయి. పాత బకింగ్‌హామ్ కాలువ కూడా ఈ సరస్సు గుండానే పోతుంది.

ఇంత పెద్ద సరస్సుకు లోతు మాత్రం లేదు. సగటున ఒక మీటరు, అంటే పెద్దవాళ్లకు నడుము దాకా వస్తుంది. అసలు కథంతా ఈ లోతు తక్కువలోనే ఉంది. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒక చెంబు నీళ్లలో రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపినట్టు. మొగ మూసుకుపోయి, వాన లేక, మీటరు లోతు నీళ్లలో ముప్పై సెంటీమీటర్లు ఎండకు ఆవిరైపోయాయనుకోండి. నీళ్లు పోతాయి, ఉప్పు పోదు. మిగిలిన డెబ్భై సెంటీమీటర్లలో ఉప్పు లీటరుకు 50 గ్రాములకు చేరుతుంది. ఇది కాగితం మీది లెక్కే కాదు. ఈ సరస్సులో వానాకాలంలో దాదాపు సున్నా నుంచి ఎండాకాలంలో 50 దాటేదాకా ఉప్పు మారినట్టు కొలతలు ఉన్నాయి. ఉత్తరపు వైపు కొన్ని చోట్ల మే నెలకు నీళ్లే ఉండవు, నేల మీద తెల్లగా ఉప్పు పొర పేరుకుని ఉంటుంది. శ్రీహరికోట రోడ్డు మీద ఎండాకాలంలో వెళ్లినవాళ్లు దాన్ని చూసే ఉంటారు.

ఊరగాయ జాడీలో జరిగేదే

ఉప్పు మారితే జీవికి ఏమవుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలకు పోనక్కరలేదు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట వస్తుంది, ముక్క ముడుచుకుంటుంది. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీళ్లు బయటికి వస్తాయి. అదే ఎండు ద్రాక్షను మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. లోపల చిక్కదనం ఎక్కువ కాబట్టి నీళ్లు లోపలికి పోతాయి. నీళ్లు ఎప్పుడూ పలుచన వైపు నుంచి చిక్కన వైపుకు నడుస్తాయి. రొయ్య, పీత, ఆల్చిప్ప లాంటి జీవుల మొప్పలు చాలా పలుచటి పొరలు. ఊపిరి తీసుకోవాలంటే అవి పలుచగానే ఉండాలి. ప్రాణవాయువును రానిచ్చే ఆ పొర నీళ్లనూ ఉప్పునూ కూడా కొంత రానిస్తుంది, పోనిస్తుంది. అంటే అక్టోబరు వానకు ఆ జీవి ద్రాక్ష అవుతుంది, మే ఎండకు మామిడి ముక్క అవుతుంది. ఏదీ కాకుండా బతకడమే దాని పని.

ఇందుకు జీవులు పట్టిన దారులు అన్నీ ఒకటి కావు. ఆల్చిప్పలు, గుల్లలు నీళ్లతో తగాదా పెట్టుకోవు. బయట ఎంత ఉప్పు ఉంటే లోపలి ద్రవంలోనూ అంతే ఉండనిస్తాయి. నదికి వరద వచ్చి మంచినీళ్లు ముంచెత్తితే ముందు చేసే పని రెండు చిప్పలూ గట్టిగా మూసుకోవడం. చిప్పల మధ్య మిగిలిన కాసిని ఉప్పునీళ్లతో, గుండె వేగం తగ్గించుకుని, ప్రాణవాయువు లేకుండానే గడపగలిగే రసాయన దారిలో రోజులు నెట్టుకొస్తాయి. మధ్యమధ్య సన్నగా తెరిచి నీళ్లు ఎలా ఉన్నాయో చూసి మళ్లీ మూసుకుంటాయి. రెండు మూడు రోజుల వరదకు ఇది బాగా పనికొస్తుంది. వారాల తరబడి మంచినీళ్లే నిలిస్తే ఆకలికీ, లోపల పేరుకున్న మలినాలకూ చిప్ప తెరవక తప్పదు. అప్పుడు గుంపులు గుంపులుగా చనిపోతాయి. పళవేర్కాడు అడుగు మట్టిలో పేరుకున్న పాత గుల్లలను సున్నానికి తవ్వుకున్న కాలం ఒకటుంది. ఎన్ని తరాల గుల్లలు అక్కడ బతికి పోయాయో దాన్ని బట్టి ఊహించుకోవచ్చు.

చిప్ప మూసుకోవడం తాత్కాలికం. నెలల తరబడి నిలిచే ఉప్పుకు ఇంకో ఏర్పాటు ఉంది, మన తీపి సంగతి అక్కడే తేలుతుంది. బయట ఉప్పు పెరిగినప్పుడు కణాల లోపల కూడా చిక్కదనం పెరగాలి, లేకపోతే కణం ముడుచుకుపోతుంది. అయితే కణం లోపల ఉప్పే నింపితే అక్కడి ప్రోటీన్లు పాడవుతాయి. అందుకని ఈ జీవులు ఉప్పుకు బదులు గ్లైసీన్, అలనైన్, ప్రోలిన్, టారిన్ అనే చిన్న చిన్న అమైనో ఆమ్లాలను కణాల్లో పేర్చుకుంటాయి. అవి ఎంత పేరుకున్నా ప్రోటీన్లకు హాని చేయవు. నీళ్లు మళ్లీ పలుచబడితే వాటిని బయటికి వదిలేస్తాయి, లేదా కాల్చి ఖర్చు చేస్తాయి. ఈ పని ఆల్చిప్పలూ చేస్తాయి, రొయ్యలూ పీతలూ చేస్తాయి. గ్లైసీన్, అలనైన్ రెండూ నాలుకకు తియ్యగా తగిలే పదార్థాలు. ఉప్పు ఎక్కువున్న నీళ్లలో పెరిగిన రొయ్య కండలో ఇవి ఎక్కువ ఉంటాయి. బోరు నీళ్ల చెరువులో, దాదాపు మంచినీళ్లలో పెంచిన రొయ్యలో తక్కువ. పెద్దవాళ్ల నాలుక చెప్పింది నిజమేనన్నమాట.

రొయ్య మొప్పల్లోని తోడే యంత్రం

రొయ్య ఆల్చిప్పలా ఊరుకోదు. దాని నెత్తురులో ఉప్పు ఒక హద్దులోనే ఉండాలని పట్టుబడుతుంది. మన సరస్సులోని తెల్ల రొయ్య, టైగర్ రొయ్య, చెరువుల్లో పెంచే వనామి అన్నీ ఒకే కుటుంబానివి. వీటి నెత్తురు చిక్కదనం, లీటరుకు సుమారు 25 గ్రాముల ఉప్పున్న నీళ్లతో సమానంగా ఉంటుంది. బయట నీళ్లూ ఆ 25 దగ్గర ఉన్నప్పుడు రొయ్యకు శ్రమ తక్కువ, తిన్నది ఒంటికి పడుతుంది. బయట 5కు పడిపోతే నీళ్లు ఒంట్లోకి చొరబడతాయి, ఉప్పు బయటికి కారిపోతుంది. అప్పుడు మొప్పలు పలుచటి నీళ్లలోంచి ఉప్పును వెతికి లోపలికి తోడాలి. బయట 45కు పెరిగితే అదే మొప్పలు ఎదురు పని చేసి ఉప్పును బయటికి నెట్టాలి. ఒకే బావి, ఒకే మోటారు. ఒక కాలంలో లోపలికి, ఒక కాలంలో బయటికి.

ఆ మోటారును కనిపెట్టిన కథ చెప్పుకోదగ్గది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1950లలో సముద్రపు ఒడ్డున దొరికే పీతల కాళ్లలోని నరాలను తీసి నూరి పరీక్షిస్తుండగా ఒక ఎంజైమ్ బయటపడింది. అది కణం నుంచి మూడు సోడియం అయాన్లను బయటికి పంపి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది, ప్రతిసారీ ఒక ఏటీపీ అణువును ఖర్చు చేస్తుంది. 1957లో ఆ సంగతి ప్రచురించారు. 1997లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిలో సగం ఆయనకు వచ్చింది. ఈ సోడియం పొటాషియం పంపు మన మెదడులో, మూత్రపిండాల్లో, గుండెలో కూడా ఉంది. మొదట దొరికింది మాత్రం పీతలో. రొయ్య మొప్ప కణాల్లో ఈ పంపులు నెత్తురు వైపు గోడకు బారులు తీరి ఉంటాయి. నీళ్లలో ఉప్పు బాగా తగ్గినప్పుడు కొద్ది రోజుల్లో వాటి సంఖ్య పెరుగుతుంది. ఆ కొద్ది రోజులు అన్న మాట గుర్తుంచుకోండి, ముందు దానితో పని ఉంది.

లోపలికి చొరబడిన అదనపు నీళ్లను పారబోయడానికి మీసాల మొదట్లో ఒక జత గ్రంథులు ఉంటాయి. అంటే రొయ్య మూత్రం పోసేది తల దగ్గర్నుంచి. ఈ మాట చెబితే పిల్లలు నవ్వుతారు గానీ నిజం అదే. అయితే ఆ మూత్రంలో నెత్తురులో ఉన్నంత ఉప్పూ ఉంటుంది, పలుచన చేసి వదిలే నేర్పు రొయ్యకు లేదు. నీళ్లు పారబోసిన ప్రతిసారీ ఉప్పూ పోతుంది, మొప్పలు దాన్ని మళ్లీ సంపాదించాలి. ఇక పాత పెంకు విడిచే రాత్రి మరీ కష్టం. కొత్త పెంకు మెత్తగా ఉండగానే నీళ్లు పీల్చుకుని ఒళ్లు పెంచుకోవాలి, ఆ కొన్ని గంటలు పొరలన్నీ పలుచగా ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఉప్పు ఒక్కసారిగా మారితే చాలా రొయ్యలు తట్టుకోలేవు.

మడ చెట్ల వేళ్ల దగ్గర బొరియలు చేసే మట్టి పీతది మరింత గట్టి ఒళ్లు. మన చిత్తూరు మాటలో ఎండ్రకాయ, చెన్నై హోటళ్లలో పెద్ద ధర పలికేది అదే. ఉప్పు బాగా తగ్గినా, బాగా పెరిగినా పెరిగిన పీత నెట్టుకొస్తుంది. వేడి నీళ్లలోంచి చల్లటి బొరియలోకి పోయే దారీ దానికి ఉంది. అయితే దాని పిల్లలకు ఆ గట్టితనం లేదు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు దాదాపు సముద్రమంత ఉప్పు కావాలి. అందుకే గుడ్లతో ఉన్న ఆడ పీత సరస్సు వదిలి సముద్రంలోకి పోతుంది. మొగ మూసుకుని ఉంటే దానికి దారి లేదు.

ఇంతకంటే మొండి జీవి ఇంకొకటి ఉంది. సెంటీమీటరు పొడవుండే ఆర్టీమియా, ఉప్పు మడుల్లో బతికే చిన్న రొయ్య లాంటి జీవి. తూత్తుకుడి ఉప్పు మడుల్లో దొరుకుతుంది. లీటరుకు 35 కాదు, 100 కాదు, ఉప్పు గడ్డకట్టే దశకు దగ్గరగా 250 గ్రాములున్న నీళ్లలోనూ ఈదుతూ ఉంటుంది. అంత ఉప్పులో ఉన్నా దాని నెత్తురులో ఉప్పు సముద్రపు నీళ్ల కంటే తక్కువే. ఎలాగంటే, అది ఆ ఉప్పునీళ్లనే తాగుతుంది, నీళ్లను ఉంచుకుని ఉప్పును కాళ్లకున్న మొప్పల వంటి రేకుల నుంచి బయటికి తోస్తుంది. పిల్ల దశలో రేకులు ఇంకా రావు కాబట్టి మెడ వెనక ఒక ప్రత్యేక అవయవం ఆ పని చేస్తుంది. ఉప్పు పెరిగే కొద్దీ నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. దానికి తగ్గట్టు ఒంట్లో హిమోగ్లోబిన్ పెంచుకుని ఎర్రబడుతుంది. ఇక ఏ దారీ లేనప్పుడు, తల్లి ఈదే పిల్లలకు బదులు గట్టి పెంకున్న గుడ్లు వదులుతుంది. అవి ఎండిపోయి, దుమ్ములా ఏళ్ల తరబడి ఉండి, వాన పడి ఉప్పు కాస్త తగ్గగానే ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి ఆ గుడ్లను డబ్బాల్లో నింపి ప్రపంచమంతా పంపుతారు. నెల్లూరు, చెన్నై తీరాల రొయ్యల హేచరీల్లో పిల్ల రొయ్యలకు మొదటి మేత అవే.

కంటికి సరిగ్గా ఆనని కోపిపాడ్‌లు, రోటిఫర్‌లు కూడా ఇదే ఉపాయం పట్టాయి. చెడ్డకాలంలో అడుగు మట్టిలో నిద్రపోయే గుడ్లు పెట్టి అవి చనిపోతాయి. కాలం మారగానే మట్టిలోంచి కొత్త తరం లేస్తుంది. సూళ్లూరుపేట వైపు శీతకాలంలో రాజహంసలు వచ్చి వాలేది ఇలాంటి చిన్న జీవుల కోసమే. ఆ పక్షుల గులాబీ రంగు కూడా సొంతం కాదు, తిన్న నాచు నుంచీ పురుగుల నుంచీ వచ్చిందే.

పుట్టేది సముద్రంలో, పెరిగేది సరస్సులో

రొయ్య బతుకు చూస్తే, ఉప్పు మారడం దానికి శాపం కాదని తెలుస్తుంది. తల్లి రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. గుడ్డు పగిలాక రెండు మూడు వారాల్లో పలు రూపాలు మారి, వెంట్రుకంత సన్నగా, గాజులా ఉండే పిల్ల అవుతుంది. ఆ పిల్లలు పోటు నీళ్లతో పాటు మొగ గుండా సరస్సులోకి వస్తాయి. లోపల నాచు, కుళ్లిన ఆకులు, చిన్న పురుగులు కావలసినంత ఉంటాయి. పెద్ద చేపలు చాలావరకు అంత పలుచటి నీళ్లలోకి రాలేవు. అంటే ఉప్పు తక్కువగా ఉండటమే పిల్ల రొయ్యకు కోట. ఒంట్లో పంపులు నడపడానికి ఖర్చవుతుంది, కానీ ఆ ఖర్చుకు మించిన తిండీ రక్షణా దొరుకుతాయి. పిల్ల వయసులో తక్కువ ఉప్పును తట్టుకునే శక్తి పెద్దప్పటి కంటే ఎక్కువ. మూడు నాలుగు నెలలు పెరిగాక ఆ శక్తి తగ్గుతూ వస్తుంది, రొయ్య మళ్లీ సముద్రం దారి పడుతుంది.

ఆ తిరుగు ప్రయాణం మీదే పళవేర్కాడు పట్టపువాళ్ల బతుకు నడిచింది. పాటు నీళ్లు సరస్సులోంచి సముద్రానికి లాగే చోట్ల, ముఖ్యంగా చీకటి రాత్రుల్లో, గుంజలు పాతి వలలు కడతారు. ఏ చోట ఏ రోజు ఎవరి వల అన్నది వాళ్లలో వాళ్లే వంతులు వేసుకుంటారు. దాన్ని పాడు అంటారు. పలు తరాలుగా వస్తున్న ఏర్పాటు. ఇటు ఇరుళ మహిళలు బురదలో కూర్చుని చేతులతో తడిమి రొయ్యలు పడతారు, బుట్టను నోట కరిచి ముందుకు జరుగుతారు. ఈ ఇద్దరి లెక్కా ఒకటే: పిల్లలు సమయానికి లోపలికి రావాలి, పెరిగినవి సమయానికి బయటికి పోవాలి.

ఇప్పుడు ఇందాకటి కొద్ది రోజుల సంగతికి వద్దాం. రొయ్య 5నూ తట్టుకుంటుంది, 45నూ తట్టుకుంటుంది. 35 నుంచి 5కు ఒకే రాత్రిలో దించితే తట్టుకోలేదు. పంపులు పెంచుకోవడానికి, అమైనో ఆమ్లాలు సర్దుకోవడానికి దానికి వ్యవధి కావాలి. రొయ్యల చెరువు వేసే రైతుకు ఇది బాగా తెలుసు. హేచరీ నుంచి తెచ్చిన పిల్లల సంచీని నేరుగా చెరువులో గుమ్మరించడు. చెరువు నీళ్లను కొంచెం కొంచెంగా సంచీలోకి కలుపుతూ గంటల తరబడి అలవాటు చేస్తాడు. 2009లో వనామి సాగుకు మన దేశంలో అనుమతి వచ్చాక, సముద్రానికి దూరంగా బోరు నీళ్ల మీదా రొయ్యను పెంచుతున్నారు. అక్కడ ఇంకో పాఠం తెలిసింది. ఉప్పు తక్కువైనా ఫరవాలేదు గానీ పొటాషియం తగ్గితే రొయ్య కండరాలు బిగిసి చచ్చిపోతుంది. స్కౌ కనిపెట్టిన పంపుకు సోడియంతో పాటు పొటాషియం కూడా కావాలి మరి. అందుకే రైతులు చెరువులో పొటాష్, మెగ్నీషియం చల్లుతారు. ఉప్పు దెబ్బ తగిలిన రొయ్యకు రోగనిరోధక శక్తి కూడా తగ్గుతుంది. తెల్లమచ్చ రోగం లాంటివి అప్పుడే చొరబడతాయి.

చెరువులో రైతు చేసే ఈ అలవాటు పనిని సరస్సులో మొగ చేస్తుంది. మొగ తెరిచి ఉంటే రోజుకు రెండు పోట్లు సముద్రపు నీళ్లను లోపలికి తెస్తాయి, రెండు పాట్లు లోపలి నీళ్లను లాగేస్తాయి. ఎండాకాలంలో 50కి పోకుండా, వరదలో సున్నాకు పడకుండా ఆపేది ఆ రాకపోకే. మన తీరం వెంట ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోతుంటుంది. నది తోపు తగ్గిన నెలల్లో ఆ ఇసుక మొగకు అడ్డంగా మేట వేస్తుంది. ఇది ఎప్పటి నుంచో ఉన్నదే. మునుపు అక్టోబరు వరద వచ్చి మేటను కొట్టేసేది. ఇప్పుడు తవ్వించినా కొన్నాళ్లకే మళ్లీ పూడుతోందని పళవేర్కాడు జాలర్లు ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నారు. మొగ అటూ ఇటూ రాతి గోడలు కట్టి తెరిచి ఉంచాలన్న పనికి తమిళనాడు ప్రభుత్వం పూనుకుంది. అటు ఆంధ్ర వైపు రాయదొరువు మొగను తవ్వాలన్న కోరికా అలాంటిదే. గోడలు నిలిస్తే లోపలి ఉప్పుకు కొంత నిలకడ వస్తుంది. అయితే ఒక చోట ఇసుకను ఆపితే దాని ఉత్తరాన ఒడ్డు కోతకు గురవుతుంది, మన తీరంలో రేవులు కట్టిన చోట్ల ఇది చూశాం. ఆ సంగతి కూడా లెక్కలో ఉండాలని మా అభిప్రాయం.

మన కొండల నుంచి ఎన్నూరు దాకా

మొగ తలుపైతే, దాన్ని లోపలి నుంచి తోసేది నది. ఇక్కడే మన ఊళ్లు కథలోకి వస్తాయి. ఆరణి నది చిత్తూరు కొండల్లో పుట్టి, పిచ్చాటూరు దగ్గర జలాశయంలో ఆగి, సురుటుపల్లి గుడి పక్కగా, ఊత్తుకోట, పెరియపాళెయం, పొన్నేరి మీదుగా పళవేర్కాడు చేరుతుంది. తిరుత్తణి వైపు వానది ఇంకో దారి. మనం కుశస్థలి అనే నదిని తమిళంలో కొసస్తలై అంటారు. పళ్లిపట్టు మీదుగా వచ్చి, నగరి నదిని కలుపుకుని పూండి జలాశయంలో నిండి, అక్కడ మిగిలితే తామరపాక్కం, వల్లూరు ఆనకట్టలు దాటి ఎన్నూరు ఉప్పుటేరులో సముద్రానికి చేరుతుంది. ఎన్నూరు ఉప్పుటేరు ఉత్తరపు పాయ మళ్లీ పళవేర్కాడుతో కలిసే ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. హద్దు మారినా నేల వాలు మారలేదు, వాన నీళ్లు అదే దారిన పోతున్నాయి.

పూండి 1944లో పూర్తయింది. 1996లో తెలుగుగంగ ద్వారా కృష్ణా నీళ్లు మొదటిసారి అక్కడికి చేరాయి. చెన్నై దాహానికి ఆ నీళ్లు కావాలి, మన పొలాలకు చెరువుల నీళ్లు కావాలి, ఇందులో తప్పు పట్టడానికి లేదు. కానీ నీళ్లు దిగువకు వెళ్లే తీరు మారింది. మునుపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన వచ్చినప్పుడల్లా వాగు కొంచెం కొంచెంగా ఉప్పుటేరుకు చేరేది. రొయ్యకు కావలసిన నెమ్మది అది. ఇప్పుడు జలాశయం నిండేదాకా దిగువకు పెద్దగా రావు. నిండాక పెద్దవాన వస్తే గేట్లు ఎత్తక తప్పదు, ఒక్కసారిగా వేల ఘనపుటడుగులు వస్తాయి. 2015 నవంబరు, డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో జిల్లా అంతా దాన్ని చూసింది. 2023లో ఆ వరదతో పాటు ఎన్నూరు ఉప్పుటేరులోకి నూనె కూడా చేరింది. మొప్ప మీద నూనె పొర పడితే పంపు ఉన్నా ఉపయోగం లేదు.

ఆరణి మీద ఇసుక తవ్వకం సంగతి కూడా చెప్పుకోవాలి. నదిలో ఇసుక ఉంటే వాన నీళ్లు అందులో ఇంకి వాన వెలిశాక కూడా సన్నగా ఊరుతూ దిగువకు చేరతాయి. ఇసుక పోయిన చోట అది జరగదు. పైగా నది అడుగు పల్లమై, ఒడ్డు ఊళ్ల బావుల్లోకి సముద్రపు ఉప్పు ఎగబాకుతుంది. పొన్నేరి, మీంజూరు వైపు బావులు చవుడెక్కి ఏళ్లయింది. 

ఈశాన్య ఋతుపవనం మొదలయ్యే రోజుల్లో పళవేర్కాడు వైపు వెళితే మొగ ఎలా ఉందో చూడండి. తెరిచి ఉండి, పోటు నీళ్లు లోపలికి వస్తుంటే, ఒడ్డున గుడ్డ పరిచి దోసెడు నీళ్లు వడగట్టి చూస్తే గాజు దారాల్లాంటి పిల్ల రొయ్యలు ఒకటో రెండో కనిపిస్తాయి. సముద్రంలో పుట్టి అప్పుడే లోపలికి వస్తున్నవి. వాటి ఒంట్లో పంపులు ఆ గంటలోనే పని మొదలుపెట్టి ఉంటాయి.